బండోడి తూకం

మార్చి నాలుగో తేదీ ఉదయం ఏడు గంటలకు, లారీల కాటా గదిలో బస్తాలు తూచే చిన్న కాటా మీద బండోడి బరువు ముప్పై నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. బండోడు పదమూడేళ్ల కుక్క. దాన్ని తూచిన మనిషి లారీల కాటా దగ్గర ఇరవై తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నారు. డ్రైవర్లు ఆయనకు పెట్టిన పేరు తరుగాయన. తడిపి తెచ్చిన ఇసుకలో నీళ్ల బరువు ఎంతో అంచనా కట్టి, ఆ మేరకు తూకంలోంచి కోసేయడాన్ని అక్కడ తరుగు అంటారు. ఆయన ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని నొక్కి, వేళ్ల సందుల్లోకి ఒకసారి చూసి, "నూటికి ఎనిమిది" అనేవారు. బతిమాలితే తొమ్మిది.

ఎదుటివాడు మోసం చేస్తాడన్నది ఆయనకు కోపం తెప్పించే విషయం కాదు, పని మొదలుపెట్టే చోటు. ఇంట్లో ఆయన అనుమానించని ప్రాణి బండోడు ఒక్కడే.

పశువుల డాక్టరు చెప్పినది స్పష్టంగానే ఉంది. "పొట్టలో కంతి ఉంది. ఇరవై ఎనిమిది కిలోలకు దిగితే మత్తిచ్చి తీసేస్తాను. ఈ బరువు మీద మత్తిస్తే మళ్లీ లేవదు. కుక్కల కోసం అమ్మే ఎండు మేత రోజుకు నాలుగొందల గ్రాములు, అంతే. ముసలి కుక్క ఆకలిని మాత్రం నమ్మకండి. ఇప్పుడే తిని వచ్చినా పస్తున్నట్టే మొహం పెడుతుంది."

ఆయన పదిహేను కిలోల మేత బస్తా కొన్నారు. రోజూ పనికి వెళ్లేముందు రెండు డబ్బాల్లో రెండేసి వందల గ్రాములు తూచి మూతలు పెట్టేవారు. పొద్దుటి డబ్బా భార్య పెట్టాలి. సాయంత్రం డబ్బా, లాండ్రీలో ఇస్త్రీ పని ముగించుకుని వచ్చే మరదలు పెట్టాలి. ఆమె భర్త పోయాక అక్కగారింట్లోనే ఉంటోంది.

బండోడు గిన్నె ఖాళీ అయ్యాక కూడా నాకేవాడు. నాకుతూ ఉంటే గిన్నె గచ్చు మీద జరుగుతూ జరుగుతూ పోయి గోడకు తగిలి ఆగేది. అక్కడ నిలబడి గోడను నాకేవాడు.

"సున్నం కూడా వదలవట్రా, తిండిపోతు సన్నాసీ" అనేది మరదలు.

పదకొండో తేదీన ముప్పై నాలుగు కిలోల వంద. పద్దెనిమిదిన ముప్పై నాలుగు కిలోల మూడు వందలు.

ఆ ఉదయం ఆయన కాటా ముందు కాసేపు నిలబడి, ఇంటికొచ్చి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా అడిగారు.

"ఎవరు పెడుతున్నారు?"

"ఏం పెడుతున్నామండీ?" అంది భార్య.

"లోడు పెరిగిందంటే దారిలో ఎవరో పోశారని అర్థం."

"మేమేమన్నా లారీ డ్రైవర్లమా బావా, సంజాయిషీ చెప్పడానికి?" అంది మరదలు. "నేను తినే బిస్కెట్లు కూడా తూచి పెట్టు, ఓ పనైపోతుంది."

"పెట్టేవాళ్లే ముందు నవ్వుతారు" అన్నారాయన.

మరదలు నవ్వు ఆపేసింది. ఆ రోజు నుంచి డబ్బాలో రెండు వందలకు బదులు నూట యాభై పడింది. దొంగచాటుగా ఎంత పెడుతున్నారో తెలియదు కాబట్టి, ఆ మేరకు తరుగు.

తర్వాత జరిగినది అక్కచెల్లెళ్లిద్దరూ పక్కింట్లో ఉండే నాకు విడివిడిగా చెప్పారు. అప్పట్లో ఒకరు చేసిన పని మరొకరికి తెలియదు. అక్క, చెల్లెలే జాలిపడి పెడుతోందనుకుంది. చెల్లెలు, అక్కే మనసాగక పెడుతోందనుకుంది. ఎవరు పెట్టినా నింద ఇద్దరి మీదా పడుతుంది. అందుకని భార్య పొద్దుటి డబ్బాలోంచి ఓ గుప్పెడు తీసి తిరిగి బస్తాలో పోసేది. సాయంత్రం మరదలు కూడా అంతే చేసేది. ఈసారి బరువు తగ్గాలి, తమ మాట నిజమని తేలాలి. నిజానికి ఆ ఇంట్లో ఎవరూ ఏమీ పెట్టడం లేదు.

బండోడు సబ్బుబిళ్ల తిన్నాడు. తలుపు దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా అంచు తిన్నాడు. ఇస్త్రీ పనిలో గంజి అంటిన మరదలి కొంగును నోట కరుచుకుని చప్పరిస్తుంటే ఆమె చేత్తో మూతి మీద కొట్టింది. వాడు అరవలేదు. వదల్లేదు.

"వాడి వెన్ను తేలుతోందండీ" అంది భార్య ఒక రోజు.

"పొట్ట చూడు."

పొట్ట నిజంగానే డోలులా ఉంది. ఇరవై ఐదో తేదీన కాటా ముప్పై నాలుగు కిలోల రెండు వందలు చూపించింది. ఏప్రిల్ ఒకటినా అంతే. ఆయన భార్యతో మాట్లాడడం మానేశారు.

ఏప్రిల్ ఎనిమిదిన బండోడు వెనక కాళ్ల మీద లేవలేకపోయాడు. ముగ్గురూ కలిసి ఆటోలో తీసుకెళ్లారు. డాక్టరు రోజుకు ఎంత పెడుతున్నారో అడిగి, పొట్ట మీద ఒక పక్క అరచేయి ఆనించి రెండో పక్క వేలితో తట్టాడు. తర్వాత సూది గుచ్చి గొట్టం పెట్టాడు. బల్ల కింది బకెట్లోకి పసుపుపచ్చటి నీళ్లు ధారగా పడ్డాయి. దాదాపు ఏడు లీటర్లు.

"ఒళ్లు కాదండీ ఇది, నీళ్లు" అన్నాడు డాక్టరు. "తిండి చాలకపోయినా ఇలా చేరతాయి. మేతలో మీరెంత కోస్తే అంత చేరాయి."

మరదలు బకెట్లోకి చూసింది. "తడి లోడు, బావా" అంది.

 ఆయన అక్కడి కాటా మీద బండోడిని తానే తూచారు. ఇరవై ఆరు కిలోల తొమ్మిది వందలు.

"ఇరవై ఎనిమిది కంటే తక్కువే ఉంది" అన్నారు డాక్టరుతో. "ఆపరేషన్ చెయ్యొచ్చుగా?"

"కత్తి పెట్టడానికి లోపల ఏం మిగిలిందని? ఇంటికి తీసుకెళ్లి ఏం తింటే అది పెట్టండి. ఎంత తింటే అంత."

భార్య మాంసం ఉడకబెట్టింది. గుడ్లు చిదిపింది. గిన్నె నిండా పెట్టి ముక్కు దగ్గరికి జరిపింది. బండోడు వాసన చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. మరదలు తన చేత్తో నోటికి అందించింది. ముద్ద నాలుక మీద కాసేపు ఉండి కిందికి జారింది. నెల రోజులు ఒక్క మెతుకు కోసం గోడలు నాకిన కుక్కకు మొదటిసారి ఆకలి లేదు. పదకొండో తేదీ మధ్యాహ్నం, నిండు గిన్నె పక్కన పోయాడు.

మరుసటి వారం ఆయన మేత బస్తాను స్కూటర్ మీద ఆ చిన్న కాటా దగ్గరికి తీసుకెళ్లారు. తాను ఎంత తీశారో ఆయనకు గ్రాములతో సహా గుర్తుంది. మూడు కిలోల వంద మిగలాలి. ఐదు కిలోల ఆరు వందలు ఉంది. దించి మళ్లీ తూచారు. బస్తా పక్కన పెట్టి, కాటా సరిచూడడానికి ఉంచిన ఇరవై కిలోల ఇనుప గుండు ఎత్తి పెట్టారు. సరిగ్గా ఇరవై.

ఆ సాయంత్రం బస్తా తెచ్చి గుమ్మం లోపల పెట్టి, "రెండున్నర కిలోలు ఎక్కువుంది" అన్నారు.

భార్య బస్తా వైపు చూసింది. తర్వాత చెల్లెలి వైపు చూసింది. చెల్లెలూ అక్క వైపే చూస్తోంది.

"నువ్వు కూడానా?" అంది భార్య.