మునగని మోకాళ్లు

ఆ రోజుల్లో ప్రపంచంలోని తప్పులన్నీ అచ్చుతప్పులేననీ, వాటిని దిద్దడానికే దేవుడు నన్ను కర్నూల్లో పుట్టించాడనీ నాకు గట్టి నమ్మకం. ఆ రోజులంటే మరీ పాతకాలమేం కాదు లెండి. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, చర్చి అయ్యగార్లు కూడా వాయిస్ మెసేజుల్లోనే ప్రార్థన చేసేస్తున్నారు. తెలుగు ఎమ్మే పాసై, ఇంట్లో ఖాళీగా కూర్చుని మా అమ్మ వంటకు వంకలు పెడుతున్న నన్ను భరించలేక మా మామ తీసుకుపోయి ఒక క్రైస్తవ పుస్తకాల ప్రచురణ సంస్థలో పడేశాడు. సంస్థ అంటే ఏదో ఊహించుకోకండి. కింద అంగడి, పైన రెండు గదులు. కింద పాటల పుస్తకాలు, గోడకు తగిలించే వాక్యాలు, క్యాలెండర్లు అమ్ముడుపోయేవి. ఆ ధైర్యంతో పైన మేము ఎవరూ కొనని పుస్తకాలు వేసేవాళ్లం. యజమానిని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఎవరినీ నొప్పించలేని మనిషి. ఎవరి రాతప్రతి అయినా నచ్చకపోతే బాగాలేదన్న మాట ఆయన నోట వచ్చేది కాదు, "మీ పుస్తకం ప్రార్థనలో ఉండాదమ్మా" అనేవాడు. (అట్లా ప్రార్థనలో ఉన్న పుస్తకాలతో ఒక బీరువా నిండిపోయింది. కొందరు రచయితలు ప్రభువు సన్నిధికి పోయినా వాళ్ల పుస్తకాలు మాత్రం ఇంకా ప్రార్థనలోనే ఉన్నాయి.)

మా సంస్థకు ఒక పద్ధతి ఉండేది. ఏ పుస్తకమైనా అచ్చుకు పోయేముందు ఇద్దరు అయ్యగార్లు చదవాలి, సిద్ధాంతంలో దోషం లేదనాలి, చెరొక ముందుమాట రాయాలి. ఒకాయనది మనిషిని నిండా నీళ్లలో ముంచితేనే బాప్తిస్మం అనే సంఘం. రెండో ఆయనది నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలుననే సంఘం. ఆఫీసులో మేము వాళ్లను మునకల అయ్యగారు, చిలకరింపుల అయ్యగారు అనుకునేవాళ్లం (వాళ్లు మెట్లు దిగిపోయాక). ఇద్దరి ముందుమాటలూ ఉంటేనే పుస్తకం రెండు వైపులా అమ్ముడవుతుందని పెద్దసారు నమ్మకం. బయట వాళ్లిద్దరూ మంచి స్నేహితులు. ఒకే టీ అంగట్లో కూర్చుని, ఇద్దరికీ ఉన్న చక్కెర జబ్బు గురించి పొద్దుగూకేదాకా మాట్లాడుకునేవాళ్లు. కాగితం ముందు పెడితే మాత్రం ఒకరి మాట ఒకరికి పడేది కాదు. రాతప్రతిని ఫోన్లోనే చదివి, అభ్యంతరాలను వాయిస్ మెసేజులుగా నాకు పంపేవాళ్లు. మునకల అయ్యగారి మెసేజుల్లో వెనకనుంచి మనవళ్ల ఏడుపులు, చిలకరింపుల అయ్యగారి మెసేజుల్లో కుక్కరు కూతలు వినిపించేవి. వాటి మధ్యనుంచి సిద్ధాంతాన్ని ఏరుకోవడమే నా ఉద్యోగం.

అట్లాంటి రోజుల్లో జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెనుంచి, రిటైరైన టీచరమ్మ ఒకామె తన జీవిత సాక్ష్యం రాసి పంపింది. మామూలుగా మాకు వచ్చే సాక్ష్యాల్లో మొదటి పేజీలో పాపం, రెండో పేజీలో రోగం, మూడో పేజీలో స్వస్థత ఉంటాయి. ఈమె అట్లా కాదు, ఎదురుగా కూర్చుని చెప్తున్నట్టు రాసింది. అందులో ఆమె బాప్తిస్మం సంగతి ఇట్లా ఉంది: "ఆ యేడు పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఊరి బయట పశువుల తొట్లో మోకాలి లోతు నీళ్లు పోసి నాకు బాప్తిస్మమిచ్చారు. తొట్టి చిన్నది, నేను పొడుగు. వెనక్కి పడుకోబెడితే ముఖం మునిగింది, మోకాళ్లు తేలాయి. మోకాళ్లు అదిమితే ముఖం తేలింది. బోధకుడు కాసేపు ఆలోచించి, చెంబుతో అవే నీళ్లు తీసి నా మోకాళ్ల మీద పోసి, దేవునికి తెలుసులే అన్నాడు." నేను పడీపడీ నవ్వాను. నవ్వి, ఇద్దరు అయ్యగార్లకూ పంపాను.

మర్నాడు పొద్దున్నే మనవళ్ల ఏడుపుతో మొదటి మెసేజు వచ్చింది. "పాపా, వందనాలు. పుస్తకం శానా బాగుండాది. కానీ ఆ మోకాళ్లు బయట ఉండేదేందమ్మా? మోకాళ్లు మునగకుంటే మనిషి మునిగినట్టు యాడయితాది? తొట్టి నిండా నీళ్లు పెట్టు. ఆ చెంబు తీసెయ్." పెట్టాను. తీసేశాను. మధ్యాహ్నానికి కుక్కరు కూతతో రెండోది. "పాపా, చెంబు మాట శానా బాగుండాది. అయితే మోకాళ్ల మీద పోసేదేందమ్మా, నెత్తిన పోయించు. చెంబు ఉన్నాక ఇంగ తొట్టి ఎందుకు? ఎత్తెయ్." ఎత్తేశాను. దాన్ని చూసి మొదటాయనకు కోపం వచ్చింది, మళ్లీ నింపాను. రెండో ఆయనకు బాధ కలిగింది, మళ్లీ ఖాళీ చేశాను. రాయలసీమ చరిత్రలో ఇంత సులువుగా నీళ్లు వచ్చి పోయిన కరువు ఇంకొకటి ఉండదు. నేను మాత్రం ఎడిటర్ అంటే ఇదే కాబోలని గర్వంగా వేళ్లు విరుచుకుని టీ తాగడానికి పోయాను.

పెద్దసారు తల పట్టుకుని ఒక పూటంతా కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. "పాపా, రెండు రకాలుగా వేద్దాం. సగం పుస్తకాల్లో మునిగినట్టు, సగం పుస్తకాల్లో చిలకరించినట్టు. అట్టలకు రంగులు మారిస్తే సరిపాయ." నేను నోరు తెరిచాను. "సార్, ఆమె ఒక్కతే కదా సార్?" "ఆమె ఒక్కతేనమ్మా, సంఘాలు రెండు. నువ్వు పోయి రెండు ప్రతుల మీదా ఆమె సంతకం తీస్కరా. తేలేకపోతే..." అని ఆగి, ఎవరినీ నొప్పించని గొంతుతో, "నీ ఉద్యోగం గూడా ప్రార్థనలో పెడతాలే" అన్నాడు. ఆ బీరువా నాకు బాగా తెలుసు. నంద్యాలలో బస్సు మారి, ఎండకు ఎండి, ఒళ్లో రెండు ప్రతులు పెట్టుకుని పోయాను.

టీచరమ్మ వసారాలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. పొడుగు మనిషి, కాళ్లు చాపుకుంటే గడపదాకా వచ్చాయి. గోడవారన ఖాళీ బిందెలు వరుసగా కుళాయి కోసం కాచుకుని ఉన్నాయి. "కర్నూలు నుంచి వచ్చినావా? ఈ ఎండకు నిన్నెవురు తోలినారమ్మా?" అంటూ నాకు బొరుగుల ఉగ్గాని పెట్టి, నేను తింటుండగా రెండు ప్రతులూ చదివింది. చేతిలో ఎర్రపెన్ను ఉంది (టీచరమ్మలు రిటైరైనా ఆ పెన్నులు రిటైరు కావు). మొదటిది చదివి సున్నా చుట్టింది. రెండోది చదివి ఇంకో సున్నా చుట్టింది.

"ఏం పాపా, ఇంత నీళ్లు యాడ్నుంచి తెచ్చినావు?" అంది.

"అయ్యగారు పెట్టమన్నారు టీచరమ్మా."

"అయ్యగారు చెప్తే వస్తాయామ్మే నీళ్లు? అట్లయితే ఆయప్పను మా ఊరికి తోలు, శానా పనుండాది." చెనక్కాయల చేట పక్కకు జరిపింది. "ఆ యేడు మా ఊర్లో ఒక్క బావిలోనే ఊట. ఇంటికి ఇన్ని బిందెలని వంతు. నా బాప్తిస్మానికి నీళ్లు యాడివని మా నాయన తల పట్టుకొని కూకున్నాడు. మేము ఎవుర్నీ అడగలా. శెట్టిగారింటి కోడలు వాళ్ల వంతులోంచి ఒక బిందె తెచ్చి తొట్లో కుమ్మరించింది. ఆయమ్మను చూసి ఇంగొకామె. ఏసుసామి వాళ్ల దేవుడూ కాదు, వాళ్లకు పట్టిందీ లేదు. పిల్లకు నీళ్లు కావాలంట అనుకున్నారు, అంతే. మా పక్కింటి బీబమ్మ ఇంట్లో ఉన్నిందే ఒక బిందె. అది గూడా తెచ్చి పోసేసింది. ఆపొద్దు ఆమె ఇంట్లో పొయ్యి ఎలగలా. అందరూ పోస్తే మోకాలి లోతు వచ్చినాయి. ఇప్పుడు మీ అయ్యగారు తొట్టి నింపమంటాడు. ఇంగా ఎవురింట్లో పొయ్యి ఆర్పాలంట? ఇంగొకాయన తొట్టే వద్దంటాడు. మరి వాళ్లు పోసిన నీళ్లు యాడ పారబోయమంటాడు?"

"మరి ఇదంతా రాయలేదేం టీచరమ్మా?" అన్నాను.

"ఊరందరికీ తెలిసిందే కదా, రాసేదేముండాదిలే అనుకొన్నా." కాసేపు పొట్టు ఊదింది. "బీబమ్మకు ఇప్పుడు కండ్లు కనపడవు. మంచంలో ఉండాది. పుస్తకం వస్తానే చదివి ఇనిపిస్తానని చెప్పినా. రోజూ అడుగుతాంటాది. తొట్టి నిండా నీళ్లుండేవని ఆమె ముందర నేను ఏ నోటితో చదవాల చెప్పు? ఉన్నది ఉన్నట్టు ఏస్తే ఏయండి. లేదంటే నా పుస్తకం నాకిచ్చేయండి. ప్రార్థనలో మాత్రం పెట్టొద్దు."

(ప్రార్థన సంగతి జమ్మలమడుగు దాకా పాకిందని నాకు అప్పుడే తెలిసింది.)

ఆ మాటలన్నీ మళ్లీ ఒకసారి నా ఫోన్లో చెప్పమని బతిమాలాను. ఆమె బడిలో పాఠం చెప్పినట్టు చెప్పి, చివర్న తనే చేర్చింది: "అయ్యగార్లకు వందనాలు. తొట్టి నిండాలంటే మీరు గూడా చెరొక బిందె ఎత్తుకొని రండి. కుళాయి ఏ పొద్దు వస్తాదో మాకే తెలీదు, కాబట్టి మీ ఇండ్లకాడ్నే పట్టుకొని రండి." ఆ మెసేజు ఇద్దరికీ పంపి బస్సెక్కాను. ఇద్దరూ విన్నట్టు ఫోన్లో నీలం గుర్తు పడింది. జవాబు లేదు. కోవెలకుంట్ల దాటింది, నంద్యాల దాటింది, జవాబు లేదు. మళ్లీ మా అమ్మ వంటకు వంకలు పెట్టుకుంటూ బతకాల్సిందేనని నిశ్చయించుకుని, కిటికీకి తల ఆనించుకుని కాసేపు ఏడ్చాను కూడా. పెద్దసారు సంతకాలు లేని ప్రతులు చూశాడు, సున్నాలు చూశాడు, ఆ తర్వాత బీరువా వైపు చూశాడు.

ఆ వారమంతా టీ అంగట్లో అయ్యగార్లిద్దరూ చక్కెర జబ్బు గురించి మాట్లాడుకోలేదని అంగడాయన చెప్పాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మునకల అయ్యగారి మెసేజు వచ్చింది. వెనక మనవళ్ల ఏడుపు లేదు. దూరంగా పోయి మాట్లాడినట్టున్నాడు. "పాపా... మా అమ్మ గూడా ఆ కరువులో నీళ్లకు తిరిగినామె. ఆ మోకాళ్లు అట్లనే బయట ఉండనీలే." వెనకే చిలకరింపుల అయ్యగారిది. "తొట్టి ఉండనీ పాపా. చెంబు గూడా యాడుండాదో ఆడ్నే ఉండనీ. బిందెల సంగతి ఆమెతో రాయించు, మర్చిపోవద్దు." నేను కుర్చీలోంచి లేచి మెట్లమీద పరుగెత్తాను, ఎక్కడికో నాకే తెలియదు. అంగట్లో క్యాలెండర్లు కొంటున్న ఒకామెను పట్టుకుని నవ్వితే ఆమె భయపడి బయటికి పోయింది.

అయ్యగార్లు మారిపోయారనుకుంటే మాత్రం మీరు వాళ్లను ఎరగనట్టే. మునకల అయ్యగారు తన ముందుమాటలో, నిండు మునకకు ఈ పుస్తకం తిరుగులేని సాక్ష్యమన్నాడు. పక్క పేజీలో చిలకరింపుల అయ్యగారు, చెంబెడు నీళ్లు చాలునని ఈ సోదరి జీవితం రుజువు చేసిందన్నాడు. రెండు సంఘాలవాళ్లూ ఎవరికి కావలసిన పేజీ వాళ్లు చదువుకుని పుస్తకం కొన్నారు. పెద్దసారు దీన్ని దేవుని చిత్తమన్నాడు. అట్టకు రంగు మాత్రం ఒక్కటే.

కడపలో ఒక చర్చి హాల్లో పుస్తకం విడుదల. టీచరమ్మకు వేదిక మెట్లెక్కడానికి మోకాళ్లు సహకరించలేదు. మునకల అయ్యగారు చేయి అందించి, అవకాశం వదులుకోలేక, మెల్లగా అన్నాడు: "చూసినావా తల్లీ, యాడ మునగలేదో ఆడ్నే నొప్పి." ఆమె మెట్టు మీదే ఆగింది. "మీయి నిండా మునిగినాయి కదయ్యా, మరి మీరెందుకు కుంటుతాండారు?" కిందనుంచి చిలకరింపుల అయ్యగారు అంత పెద్దగా నవ్వడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. నవ్వి, కర్ర ఊతంతో తనూ కుంటుకుంటూ వేదిక ఎక్కాడు.

మొదటి ప్రతి ఆ ముందురోజే బీబమ్మ మంచం దగ్గరికి పోయిందట. టీచరమ్మ ఆ బిందెల పేజీ రెండుసార్లు చదివి వినిపించిందట. "ఏమనిందమ్మా?" అని నేను ఆత్రంగా అడిగాను. ఏడ్చిందనో, దీవించిందనో చెప్తుందని నా ఆశ (అట్లాంటివి అట్ట వెనక వేసుకోవచ్చు). టీచరమ్మ పెదవి విరిచింది. "ఏమంటాది? నా బిందె సొట్టబిందె కదా, ఆ సంగతి రాయలేదేందే అనింది. సొట్ట లేకుంటే ఇంగొక చెంబు నీళ్లు పట్టేటియ్యంట, అప్పుడు మోకాళ్లు గూడా మునిగేటియ్యంట. ఇన్నేండ్లూ ఆ బాధ మనసులో పెట్టుకొని ఉండాది ముసల్ది." నవ్వుతూనే చెప్పింది గానీ, చెప్పడం పూర్తికాకముందే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

మలిముద్రణ భాగ్యం మా పుస్తకాలకు మామూలుగా పట్టదు. దీనికి పట్టింది. అందులో బీబమ్మ బిందెకు సొట్ట పెట్టాను. ఇద్దరు అయ్యగార్లనూ అడిగితే, సొట్టకు సిద్ధాంతపరంగా అభ్యంతరం లేదన్నారు. వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం నాకు తెలిసి అదొక్కటే.

ఇప్పుడు నేనుండేది కడపలో. పుస్తకాలు దిద్దే పని ఇంకా వదల్లేదు. ఎండాకాలం మా వీధికి ట్యాంకరు వస్తే, చదువుకున్నదాన్నన్న మొహమాటం పక్కన పెట్టి నేనూ బిందెతో వరుసలో తోసుకుంటాను. ఒక్క బిందె చంకనెత్తుకుని మా మేడమెట్లు ఎక్కేసరికి మోకాళ్లు కలుక్కుమంటాయి. సగంలో బిందె దించి, మెట్టుమీద కూర్చుని, ఒకప్పుడు కాగితం మీద పొద్దున తొట్టి నింపి, మధ్యాహ్నం ఖాళీ చేసి, మళ్లీ నింపి, వేళ్లు విరుచుకుని టీ తాగడానికి పోయిన ఆ కర్నూలు పిల్లను తలుచుకుంటాను. నీళ్లు మోయడం దానికి ఎంత తేలిక!