ఘాటీలో మావయ్యగారి పళ్ళు

ముందే చెప్పేస్తున్నాను, లక్ష్మీపూర్ ఘాటీలో బాంబు లేదు. మొన్నా లేదు, నిన్నా లేదు. మీ వాట్సాప్‌లోకొచ్చిన ఫోటోలో, మంచులో వంగుని నేలమీద మెషీన్ తిప్పుతున్న జవాను ఉన్నాడు చూసేరా, వాడు జవాను కాదు. నేనే! రాయగడలో చింతపండు, పసుపు హోల్‌సేల్ కొట్టువాళ్ళ కోడల్ని. నవ్వండి, నవ్వండి. టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వండి, నా చీర మీద పొయ్యకండి.

అసలేటైందంటే, మా ఆడపడుచు కూతురి పెళ్ళి కుదిరింది, గుణుపురంలో. ఆ పిల్ల మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. తాతంటే ప్రాణం దానికి. పెళ్ళి ఇంకా మూడు రోజులుందనగా, శుభలేఖ తీసుకెళ్ళి కోరాపుట్ జగన్నాథుడి పాదాల దగ్గర పెట్టి రావాలని మా మావయ్యగారు పట్టుపట్టేరు. సరే అని ఆయన్నీ, మా ఆయన్నీ కారెక్కించుకుని బయల్దేరేను. డ్రైవింగ్ నాదే. కొత్తగా నేర్చుకున్నాను కదా, స్టీరింగ్ ఇంకొకరి చేతికివ్వాలంటే ప్రాణం ఒప్పదు!

దర్శనం బ్రహ్మాండంగా అయింది. తిరిగొచ్చేటప్పుడు లక్ష్మీపూర్ దాటేక కొండదారి, అదే ఘాటీ, మొదలైంది. మలుపు మీద మలుపు. సాయంత్రం మంచు కూడా దిగుతోంది.

"అమ్మీ, మెల్లగా పోనీ. కడుపులో తిప్పుతంది" అన్నారు మావయ్యగారు వెనక సీట్లోంచి.

"ఈ ఒక్క మలుపే మావయ్యా" అన్నాను.

ఇంకో మలుపు.

"అమ్మీ..."

"అయిపోయింది మావయ్యా. కిటికీ దించుకోండి, చల్లగాలి తగిలితే సర్దుకుంటాది."

ఆ సలహా ఇచ్చిన నోటికి ఏ శిక్ష వెయ్యాలో మీరే చెప్పండి. ఆయన కిటికీ దించేరు. తల బయట పెట్టేరు. గుడి దగ్గర తిన్న వడలు, అల్లం టీ, అన్నీ ఘాటీకి సమర్పించేసేరు. వాటితోపాటు పైవరస పళ్ళసెట్టు కూడా వెళ్ళిపోయింది!

నేను బ్రేకేసి వెనక్కి తిరిగేను. మావయ్యగారి మూతి లోపలికి పోయి ఉంది.

"ఫల్లు!" అన్నారు.

"ఏటి మావయ్యా?"

"ఫల్లు, అమ్మీ! నా ఫల్లు!"

ఫోన్ లైట్లు వేసుకుని నేనూ మా ఆయనా కాసేపు వెతికేం. మంచులో ఆ వెలుతురు మూరెడు దూరం పోతే ఒట్టు. చలికి వేళ్ళు కొంకర్లు పోయేయి. ఓ పక్క గోడ విరిగిపోయిన మలుపు అది, ఆ గుర్తు పెట్టుకుని ఇంటికొచ్చేసేం.

మర్నాడు పొద్దున్నే విజయనగరం పళ్ళ డాక్టరుకి ఫోన్ చేస్తే, కొత్త సెట్టుకి రెండు వారాలైనా పడతాదన్నారు. పెళ్ళి చూస్తే ఎల్లుండే! మావయ్యగారు మఫ్లరు ముక్కు దాకా చుట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నారు. పెళ్ళికి రానని చెయ్యూపేరు. అంతే. ఇస్త్రీ మడత నలగకుండా ఊళ్ళో తిరిగే మనిషి, బోసినోటితో వియ్యాలవారి ముందు కూర్చుంటారా?

ఇంతలో పెళ్ళికూతురి ఫోన్. "తాతా, నువ్వు రాకపోతే నేను పీటలమీద కూర్చోను, ముందే చెప్తున్నాను" అని ఏడుపు. ఆయన "ఊఁ" అన్నారు. ఫోన్ నా చేతిలో పెట్టేసి మళ్ళీ గోడవైపు తిరిగేరు. తిరిగేటప్పుడు ఆ కళ్ళు చూసేను. మెల్లగా పోనీ అని రెండుసార్లు అడిగేరు పాపం.

అప్పుడు గుర్తొచ్చేడు పక్కింటి బాబూరావన్నయ్య. కాంట్రాక్టరు. భూమిలో పాత ఇనప పైపులు ఎక్కడున్నాయో కనిపెట్టడానికి ఆయన దగ్గరో మెటల్ డిటెక్టర్ ఉంది. పొడుగు కర్ర, చివర పళ్ళెం, చెవులకి హెడ్‌ఫోన్లు. మావయ్యగారి సెట్టుకి అంగిట్లో స్టీలు ప్లేటు ఉంటాది కదా! పరుగెట్టేను.

"తీసుకెళ్ళమ్మా, దానిదేటుంది" అన్నాడు బాబూరావన్నయ్య. "ఇనుం తగిల్తే కీచుమంతాది. ఎందుకూ, నిధి గాని దొరికిందేటి?"

"అంతకన్నా పెద్దది అన్నయ్యా" అని పట్టుకొచ్చేసేను.

పెళ్ళికి ఒక్కరోజే ఉందనగా తెల్లారుతూనే బయల్దేరేం. ఏం చలి బాబూ అది! పచ్చిక మీద మంచు ఉప్పు జల్లినట్టుంది. చీర మీద శాలువా కప్పుకుంటే ఆగేది కాదని మా ఆయన ప్యాంటూ, బూట్లూ తొడుక్కున్నాను. పైన జెర్కిన్. చలికాలం మన బజార్లో స్వెటర్లు అమ్ముకునే టిబెట్టువాళ్ళ దగ్గర కొన్నాం చూసేరూ, ఆకుపచ్చా మట్టిరంగూ మచ్చల మచ్చలది, అచ్చం మిలిటరీవాళ్ళది లాగే ఉంటాది, అది. తలకి మంకీ క్యాపు. దానిమీద హెడ్‌ఫోన్లు. మావయ్యగారు కూడా వస్తానని సైగ చేసి వెనక సీట్లో కూర్చున్నారు. నామీద నమ్మకం లేదు. ఇంకెవరి పళ్ళో పట్టుకొస్తానని భయం కాబోలు!

విరిగిన గోడ మలుపు దగ్గర కారాపేం. నేను వేణ్ణీళ్ళ ఫ్లాస్కు ఓ పొద కొమ్మకి తగిలించి, మెషీన్ ఆన్ చేసి, వంగుని తిప్పడం మొదలెట్టేను.

మా ఆయనకి ముందుజాగ్రత్త ఎక్కువ. "బండి మలుపులో ఉంది, వెనకనుంచి లారీ వచ్చి గుద్దేస్తాది" అని రోడ్డుకి రెండువైపులా కొమ్మలు విరిచి అడ్డంగా పడేసేరు. నాలుగు రాళ్ళు పెట్టేరు. ఓ కర్రకి ఎర్ర తువ్వాలు కట్టి నిలబెట్టేరు. అదంతా చేసి, "కింద పల్లెలో ఏదైనా వేడిగా దొరుకుతాదేమో సూసొస్తాను" అని నడుచుకుంటూ వెళ్ళిపోయేరు.

ఇప్పుడు మీరు ఆ రోడ్డుమీద వస్తున్న బస్సు డ్రైవర్ అనుకోండి. మంచు. మలుపు. రోడ్డుకడ్డంగా కొమ్మలు, ఎర్ర గుడ్డ. ఆ వెనక మిలిటరీ బట్టల్లో ఒకరు, చెవులకి హెడ్‌ఫోన్లు, నేలమీద డిటెక్టర్ తిప్పుకుంటూ అడుగులో అడుగేస్తున్నారు. ఒకప్పుడు ఈ కొండల్లో మందుపాతరలంటే ఎంత భయమో మనందరికీ తెలుసు. ఇప్పుడా గొడవలు తగ్గేయిగాని, జనం మర్చిపోయేరేటి?

నాకివేవీ తెలీదు. నా చెవుల్లో కీచు కీచు! ఓసారి సోడా మూత, ఓసారి గుట్కా పేకెట్టు రేకు, ఓసారి లారీ చక్రం నట్టు. ప్రతీసారీ గుండె ఎగిరిపడ్డం, మోకాళ్ళమీద కూర్చుని వంటింటి అట్లకాడతో మెల్లమెల్లగా మట్టి తియ్యడం. గట్టిగా పొడిస్తే పన్ను విరిగిపోదూ!

బస్సొచ్చి ఆగింది. సంతకెళ్ళే జనం, బుట్టలు, కోళ్ళు, నిండా ఉన్నారు. కండక్టరు దిగొచ్చి, కారులో ఉన్న మావయ్యగార్ని అడిగేడట, "మౌసా, కొణ హెలా? ఏమయింది?" అని. మావయ్యగారు నోరు తెరుస్తారా? మఫ్లరు మీద వేలేసుకుని తల అడ్డంగా ఊపేరు. వెళ్ళిపొమ్మని చేత్తో సైగ చేసేరు. కండక్టరు మొహంలో రక్తం లేదట!

అయినా పాపం ధైర్యవంతుడు, నాకేసి రెండడుగులేసేడు. సరిగ్గా అప్పుడే నా మెషీన్ గట్టిగా కూసింది. తలెత్తేను. ఎవరో నా వైపు వస్తున్నారు. పళ్ళమీద కాలేసేస్తాడేమో అని నాకు పైప్రాణాలు పైనే పోయేయి. చెయ్యెత్తి అరిచేను, "ఆగండి! అడుగెయ్యకండి! ఇక్కడే ఉంది!"

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలీదు. కొండ అవతలికి వినిపించి ఉంటాది.

కండక్టరు పరుగు. బస్సు రివర్సు. జనమంతా దిగి గట్టు చాటున బోర్లా పడుకున్నారు. వెనక రెండు లారీలు ఆగేయి. ఎవరో ఫోటో తీసేరు, అదే మీకొచ్చింది. ఇంకెవరో పోలీసులకి ఫోన్ కొట్టేరు. నేనేమో అట్లకాడతో తవ్వుకుంటున్నాను. దొరికిందేటనుకున్నారు? గుర్రపు నాడా!

కాసేపటికి జీపొచ్చింది. ఓ ఇన్‌స్పెక్టరు, నలుగురు జవాన్లు. ఆయన దూరంనుంచి పిలిచేడట, విజిలేసేడట. నాకు వినబడితే కదా! ఆఖరికి వెనకనుంచి వచ్చి గట్టిగా చప్పట్లు కొట్టేడు. ఉలిక్కిపడి మెషీన్‌తో సహా గిర్రున తిరిగేను. కర్ర తనవైపు రాగానే ఆయన కూడా కింద కూర్చుండిపోయేడు.

హెడ్‌ఫోన్లు తీసేను.

"కౌన్ యూనిట్?" అన్నాడు.

"హోల్‌సేల్ సార్" అన్నాను. "చింతపండు."

ఆయన మెల్లగా లేచేడు. ఆడగొంతు వినేసరికి ఇంకా అయోమయం. "ఇక్కడేముంది?" అని ఒడియాలో అడిగేడు.

నా ఒడియా బజారు ఒడియా. బేరాలకి పనికొస్తాదిగాని పోలీసులకి కాదు. "దాంతొ సార్. పళ్ళు."

"ఎవరి పళ్ళు?"

"మో శొశురొంకొ. మా మావయ్యగారివి. మొన్న సాయంత్రం ఇక్కడే పడిపోయేయి."

ఆయన మొహం మారిపోయింది. జవాన్లు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నేను తవ్విన గోతులవైపు చూసి, చాలా నెమ్మదిగా అడిగేడు. "పళ్ళు సరే. మిగతా మావయ్య ఎక్కడ?"

అప్పుడు వెలిగింది నా బుర్రలో! "ఓలమ్మో! బతికే ఉన్నారు సార్! కారులో ఉన్నారు!"

ఇన్‌స్పెక్టరు కారు దగ్గరకెళ్ళి కిటికీ తట్టేడు. మావయ్యగారు ఆయన్ని చూసేరు, నన్ను చూసేరు, గట్టు చాటునుంచి తొంగి చూస్తున్న బస్సు జనాన్ని చూసేరు. ఇక దాచి లాభం లేదనుకున్నారు కాబోలు. మఫ్లరు కిందకి లాగి నోరు తెరిచేరు.

ఇన్‌స్పెక్టరు ఆపుకుందామని చూసేడు, పాపం. మీసం వణికింది. తర్వాత కారుమీద చెయ్యేసి ఒకటే నవ్వు! ఆ నవ్వు చూసి మావయ్యగారు కూడా నవ్వేరు. బోసినోటితో, చిన్నపిల్లాడిలాగ. రెండురోజుల తర్వాత ఆ నోరు తెరుచుకోడం అదే.

ఇంతమందిని ఆపేను, భయపెట్టేను, సంత టైము పాడుచేసేను. ఎవరు కొడతారో, ఎవరు తిడతారో! కండక్టరు గట్టెక్కి వచ్చేడు. సంగతి విన్నాడు. వెనక్కి తిరిగి జనానికి కేకేసేడు, "బాంబు కాదు! ముసలాయన పళ్ళంట! లేవండి, వెతుకుదాం!"

ఒక్కరంటే ఒక్కరు తిట్టలేదండీ! బుట్టలు పక్కన పెట్టి, ఆడా మగా అందరూ ఆ మంచులోకి దిగిపోయేరు. లారీ క్లీనర్లు, జవాన్లు, కోళ్ళమ్ముకునేవాళ్ళు. డిటెక్టరు ఇంకెందుకూ పనికిరాలేదు. తుపాకీ దగ్గరికొస్తే కూత, కడియాల దగ్గరికొస్తే కూత. ఆపి పారేసేను. ఈలోగా మా ఆయన గిన్నెడు రాగిజావతో వచ్చేరు. పల్లెలో ఎవరో వేడివేడిగా ఇచ్చేరట. మమ్మల్ని ఖాళీ రోడ్డుమీద వదిలి వెళ్ళినాయన, తిరిగొచ్చి తిరనాళ్ళు చూసి అక్కడే బిగుసుకుపోయేరు. "ఏటే ఇది?" అన్నారు. "మీరు పెట్టిన ఎర్ర తువ్వాలే" అన్నాను.

ఇంతలో ఓ ముసలమ్మ, అల్లం బుట్టతో సంతకెళ్తున్నావిడ, నా వెనకనుంచి "మిలిలా! దొరికింది!" అని అరిచింది.

తిరిగి చూసేను. నేను మోకాళ్ళు కొట్టుకుపోయేలా వెతికింది నేలమీద. పళ్ళేమో పొద కొమ్మల్లో చిక్కుకుని, మంచు బొట్లు కారుతూ, నాకేసి ఇకిలిస్తున్నాయి! అదీ ఏ పొదనుకున్నారు? నేను ఫ్లాస్కు తగిలించిన పొద. దాని పక్క కొమ్మే!

ఆ నవ్వులు చెప్పలేను. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళతో కడిగిచ్చేను. మావయ్యగారు అటు తిరిగి పెట్టుకున్నారు. టక్‌మంది. ఇటు తిరిగేసరికి మా పాత మావయ్యగారే! నేరుగా ఆ ముసలమ్మ దగ్గరకెళ్ళి చేతులు జోడించి "జుహార్" అన్నారు. ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఆవిడ ఆయన మొహం పరీక్షగా చూసి, "బాగున్నావు, పెళ్ళికి పో" అని బుట్ట నెత్తినెట్టుకుంది. బస్సు కదిలేక కూడా కిటికీల్లోంచి అందరూ చేతులూపుతూనే ఉన్నారు. ఇన్‌స్పెక్టరు మా ముందు జీపు పెట్టి ఘాటీ దిగేదాకా తోడొచ్చేడు. ఏ ఊరివాళ్ళో, ఏ పేర్లో, ఒక్కటీ అడగలేదు నేను. దీపం పెట్టినప్పుడల్లా వాళ్ళందర్నీ కలిపి తలుచుకుంటున్నాను.

పెళ్ళికి వెళ్ళేం. అక్షింతలయ్యేక మావయ్యగారు మైకు తీసుకున్నారు. ఆశీర్వాదం రెండు ముక్కల్లో ముగించి, అందుకున్నారు ఘాటీ కథ! నా నడక నడిచి చూపించేరు. "హోల్‌సేల్ సార్" అని నా గొంతు కూడా పెట్టేరు. మగపెళ్ళివారు కుర్చీల్లోంచి జారిపోయేరు. నేను వంటల టెంటు వెనక్కి పారిపోయేను.

ఆఖర్న ఆయన గొంతు తగ్గింది. "నవ్వీరు గాని, అంత సలిలో మోకాళ్ళమీద కూకుని మావ పళ్ళెతికిన కోడలు ఎవులికుందో సెప్పండి సూద్దాం" అన్నారు. నేను వెళ్ళి ఉల్లిపాయలు కోస్తున్నావిడ పక్కన నిలబడ్డాను. కళ్ళు తుడుచుకోడానికి ఓ సాకు కావాలి కదా మరి.

ఏదేమైనా ఒక్కటే అన్యాయం. ఆ పళ్ళకోసం మిలిటరీ వేషం కట్టి, రోడ్డాపి, పోలీసుల్ని పడగొట్టింది నేను. ఆ పళ్ళతోనే పెళ్ళిపందిట్లో అందరి ముందూ నన్ను నమిలేసింది ఆయన!