గాజుటిల్లూ, బెజవాడ టికెట్టూ

మొన్న మా మనవరాలు ఫోను నా ముందు పెట్టి, సింగపూరులో పెద్ద గాజు గోపురం కింద పెంచుతున్న పూలతోటను చూపించి, సెలవులకు అందరం అక్కడికే వెళుతున్నామని చెప్పి, నేను టీ తాగడం పూర్తయ్యేలోగా విమానం టికెట్లు, హోటలు గది, తోటలోకి ప్రవేశ రుసుము అన్నీ కట్టేసింది. ఇష్టమేనా అమ్మమ్మా అని అడిగింది కూడా. ఇష్టమేనన్నాను గానీ ఆ గాజు కప్పు చూడగానే మా అమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో ఒకప్పుడు ఇలాంటి ప్రయాణానికి ఆరునెలలు లెక్కలు వేశారు, అదీ సరదా కోసం కాదు.

డెబ్బయ్యో దశకం మొదటి రోజులవి. నాన్నకు పటాన్‌చెరు దగ్గర ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగం వచ్చి, బెజవాడ అవతల కాలవగట్టు ఊరినుంచి మేం క్వార్టర్సుకు చేరాం. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పుడక్కడ రాళ్ళూ ఎర్రదుమ్మూ తప్ప ఏమీ లేవు, ట్యాంకరు వస్తేనే నీళ్ళు. రెండో వేసవిలో ఇంకా పాకడం కూడా రాని నా తమ్ముడు వాంతులు, విరేచనాలు పట్టుకుని పోయాడు. పక్కనున్న లక్డారం ఊరినుంచి మాకు పాలు తెచ్చే అవ్వ కొడుకే ప్లాంటు గోడ వెనక గొయ్యి తవ్వాడు. పుట్టింట్లో రోజూ సజ్జ నిండా పూలు కోసిన మా అమ్మకు, ఆ పసివాడి మీద వేయడానికి గుప్పెడు పూలు దొరకలేదు. ఆ సంగతి ఆవిడ ఎన్నడూ మరిచిపోలేదు.

తర్వాత అమ్మ వండేది, వడ్డించేది, నన్ను బెజవాడ పంపెయ్యండి అనేది, అంతకు మించి మాట లేదు. పంపితే తిరిగి రాదని నాన్నకు తెలుసు, పంపకపోతే మనిషి దక్కదేమోనని అంతకన్నా భయం. అలాంటి రోజుల్లో ఒకనాడు అమ్మ వంటింటి క్యాలెండరు ముందు అన్నం మాడుతున్నా కదలకుండా నిలబడి ఉంది. అందులో బెంగుళూరు లాల్‌బాగ్ గాజుటిల్లు బొమ్మ, నేల కనబడకుండా పూలు. నాన్న ఆ బొమ్మనే పట్టుకున్నాడు. అది చూసొద్దాం, చూశాక కూడా వెళతానంటే నేనే రైలెక్కిస్తాను అన్నాడు. అమ్మ తల ఊపింది.

ఇక లెక్కలు మొదలయ్యాయి. మూడో తరగతి టికెట్లు, సత్రం అద్దె, రెండు పూటలకు పులిహోర, మిగతా పూటలకు హోటలు, తోట దాకా జట్కా, అన్నీ నాన్న పైకి వల్లించేవాడు, అమ్మకు వినబడాలని. ఓవర్‌టైములు చేశాడు, సాయంకాలం కాఫీ మానేశాడు. ఆ లెక్కలో చివరి పద్దు మాత్రం మెల్లగా చెప్పేవాడు, అమ్మ ఒక్కదానికే బెజవాడకు టికెట్టు. పాలు పోస్తూ ఇదంతా విన్న అవ్వ నోరు నొక్కుకుంది.

"పూలు సూడనీకి గంత దూరం పోతరా అమ్మా? మా బాయికాడ బంతి పెడితే మొలవదా ఏంది?"

ప్రయాణం మే నెలలో పెట్టుకున్నాం, ఎందుకంటే ప్లాంటులో యంత్రాలు ఆపే షట్‌డౌన్ అప్పుడే, నాన్న పనిచేసే వర్క్‌షాపు వాళ్ళకు సెలవులు అప్పుడే. ప్లాంటు మనుషులకు లోకమంతా షట్‌డౌన్‌ను బట్టే నడుస్తుందని ఓ నమ్మకం. అన్నీ లెక్క కట్టిన నాన్న, పూలెప్పుడుంటాయో ఒక్కరినీ అడగలేదు.

గాజుటిల్లు ఖాళీగా ఉంది. ఇనుప స్తంభాలు, పైన గాజు, కింద ఉత్త నేల, అంతే. నాన్న పరుగున వెళ్ళి ఒక తోటమాలిని పట్టుకొస్తే, అతను మనలాగే తెలుగు మాట్లాడుతూ, జనవరిలో, ఆగస్టులో ప్రదర్శన పెడతారనీ, పూలు ఇక్కడ పెరగవనీ, బయట కుండీల్లో పెంచి తెచ్చి పెట్టి, మళ్ళీ తీసేస్తారనీ చెప్పాడు. ఒక్క కుండీ అయినా తెచ్చి ఇక్కడ పెట్టు బాబూ, ఒక్క నిమిషం చాలు అని నాన్న అతని చేతులు పట్టుకుని బతిమాలడం, అతను ఏం చెయ్యాలో తోచక అమ్మ వంక చూడడం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. నాన్న ఆ నేల మీదే కూలబడ్డాడు. మా నాన్న ఏడవగలడని నాకు ఆ రోజే తెలిసింది. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

 తిరిగొచ్చి హైదరాబాదు కాచిగూడలో దిగగానే నాన్న బెజవాడ టికెట్టు డబ్బులు అమ్మ చేతిలో పెట్టి మొహం తిప్పుకున్నాడు. బెజవాడ రైలుకు నాంపల్లి వెళ్ళాలి, మా క్వార్టర్సు మీదుగా పోయే సంగారెడ్డి బస్సుకు గౌలిగూడ.

"యాడికి పోవాలె అమ్మా? జల్దీ చెప్పు" అన్నాడు రిక్షా అతను.

నేను అమ్మ కొంగు గట్టిగా పట్టుకున్నాను. అమ్మ డబ్బులు కొంగున ముడి వేసుకుంది.

"గౌలిగూడ" అంది.

బస్సు పటాన్‌చెరు దగ్గరికి వచ్చాక, ఎవరూ అడగకుండానే అమ్మ, "పిల్లాడు ఒక్కడే ఉన్నాడుగా అక్కడ" అంది.

మరుసటి ఏడు షట్‌డౌన్ నాడు నాన్న మళ్ళీ బెజవాడ టికెట్టు డబ్బులు ఆవిడ చేతిలో పెట్టాడు, ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. ఆ డబ్బుతో అమ్మ కుండీలు కొనేది, అవ్వ దగ్గర బంతినారు తెచ్చుకునేది. మొదటి పూలు ఎప్పుడూ ఆ ప్లాంటు గోడ వెనక్కే వెళ్ళేవి. ఇప్పుడక్కడ లారీలు ఆగుతాయి.

నాన్న చనిపోయిన ఏడు, మే నెలలో నేనే ఆ డబ్బులు ఇవ్వబోతే అమ్మ పుచ్చుకోలేదు. "ఇది నేను వెళ్ళొద్దనుకునే మనిషి ఇవ్వాలి" అని లోపలికి వెళ్ళిపోయింది.

మనవరాలు రానూపోనూ టికెట్లు కలిపే కొనేసింది. ఇప్పుడందరూ అలాగే కొంటారు, తప్పేం లేదు. కానీ వెళ్ళే దారిని చేతిలో పెట్టి, ఉండిపోతావా అని నోరు తెరిచి అడగలేక మొహం తిప్పుకునే మనిషి కోసం, నేను ఇన్నేళ్ళ తర్వాత కూడా స్టేషన్ల బయట వెతుకుతూనే ఉంటాను.