నడుమ పెట్టిన ఉప్పు డబ్బా

పోయిన వారం పొద్దున్నే ఫోన్ వచ్చింది, మా సార్ ఇక లేరని. గుండెపోటు. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఉన్న మా చిన్న వెబ్‌సైట్ల ఆఫీసుకు పెద్ద దిక్కు ఆయనే. వెంటనే ఆఫీసు గ్రూపు నిండా దండం బొమ్మలు. బతికున్నప్పుడు ఆయన మెసేజ్‌కు మాలో ఎవరూ ఇంత వేగంగా జవాబిచ్చిన దాఖలా లేదు.

మేం పీహెచ్‌పీ సీఎమ్మెస్ అనే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌తో సైట్లు కడతాం. ఒక పేజీకి రాసిన కోడ్‌ను ఇంకో పేజీలోకి కాపీ కొట్టడం మా ఆఫీసు ఆచారం. సార్‌కు అది గిట్టేది కాదు. పదిచోట్ల పనికొచ్చే కోడ్‌ను ఒక్కచోట సర్వీసుగా రాసిపెట్టాలి, ఏ పేజీకి కావాలంటే ఆ పేజీ పిలిచి వాడుకోవాలి అనేవారు. ఇది నా బుర్రకెక్కించడానికి ఆయన భోజనాల వేళను ఎంచుకున్నారు.

"ఏందిరా, నలుగురు నాలుగు ఉప్పు పొట్లాలు తెచ్చిండ్రు?"

"ఎవరి ఉప్పు వాళ్లది సార్. ఆత్మగౌరవం."

"ఆత్మగౌరవం గాదు, బద్ధకం. నడుమ ఒక డబ్బా పెట్టుండ్రి. చెమ్మ పడితే గదొక్కటే మారుస్తం."

ఆ డబ్బా ఆయనే తెచ్చారు. చెమ్మ పీల్చుకోవడానికి ఉప్పులో గుప్పెడు బియ్యం కూడా ఆయనే కలిపేవారు.

భద్రాచలం అవతల గోదావరి ఒడ్డు ఊళ్లకు నీటిమట్టం చూపించే సైటు ఒకటి మాది. ఊరికో పేజీ. సార్ పోయిన మూడో రోజు నది పెరిగింది. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం నుంచి నీటిమట్టం లెక్కలు మాకు అందే తీరు మారి, పేజీలన్నీ సున్నా చూపించాయి. వరదలో సున్నా అడుగులు! జోకు నోటిదాకా వచ్చింది. ఇంతలో సార్ భార్య ఫోన్.

"బిడ్డా, మా అమ్మోళ్ల ఊరు ఒడ్డు మీదనే ఉంది. ఫోన్ల సున్నా ఉందని పశువులను ఇంకా ఇప్పలేదట."

"ముందు ఇప్పమనుండ్రి మేడమ్. నేను జల్దీ చూస్త."

పేజీలన్నీ ఒక్కొక్కటిగా సరిచేస్తూ కూర్చుంటే నది ఆగదు. అదృష్టం, నీటిమట్టం చదివే కోడ్‌ను సార్ ఎప్పుడో సర్వీసుగా విడదీసి పెట్టారు. ఆ ఒక్క ఫైల్లో రెండు వరుసలు మార్చాను. అన్ని ఊళ్లకూ అసలు మట్టం ఒకేసారి వచ్చింది.

సాయంత్రం మేడమ్ మళ్లీ ఫోన్ చేశారు. "పశువులు గుట్ట మీదికెక్కినయట." ఆ వెంటనే, "గది ఆయన చేసిపెట్టిందేనా?" అన్నారు.

"అవ్ మేడమ్. ఆయనదే."

నిన్న ఆఫీసులో టిఫిన్ డబ్బాలు తెరిచాం. బయట వాన. ఉప్పు మాత్రం పొడిగానే ఉంది. దాంట్లో ఆయన చేత్తో వేసిన బియ్యపు గింజలు. అవి రాకుండా, చెంచాతో పక్కనుంచి ఉప్పు తీసుకుని, ఒకరి తర్వాత ఒకరం డబ్బాను మళ్లీ నడుమకే జరిపాం.