బుర్రుమంటే వాన రాదు

ఏప్రిల్ 6, సోమవారం. ఉడకబెట్టి ఆరబోసిన పసుపును మా అబ్బాయి ఈ రోజే కుప్ప చేయిస్తానంటున్నాడు. అందుకే పొద్దున్నే రాస్తున్నాను... అరవై ఏళ్లుగా దాచిన సంగతి.

మా చిన్నప్పుడు... కోరుట్ల పక్కన మా పల్లెలో, పసుపు ఆరే రోజుల్లో నాకు రెండు పనులు. కల్లంలోకి మేకలు రాకుండా చూడడం, ఏడు నెలల తమ్ముణ్ణి చంకనేసుకోవడం. నాకు తొమ్మిదేళ్లు. ఏమీ తోచక ఒకరోజు వాడి బొజ్జకు పెదవులు ఆనించి బుర్రుమని ఊదాను. వాడు కిలకిలా నవ్వాడు. రెండు రోజుల్లో తనే ఊదడం నేర్చుకున్నాడు... నా ముఖం నిండా ఉమ్మి! లంగా అంచుతో తుడుచుకున్నాను. ఛీ!

అది నాన్న తల్లి, మా బాపమ్మ కంటపడింది. చంటిపిల్లలు అలా ఊదితే వాన వస్తుందని మా వైపు నమ్మకం.

"పోరడు వానను పిలుస్తుండు! పసుపు కుప్ప చెయ్యుండ్రి!" అని కేకేసింది.

"ఆకాశంల మొగులే లేదు గదనే అవ్వా! ఇంక వారం ఎండ తాకాలె" అన్నాడు మా బాపు.

"నీకంటె వానికే ఎక్కువ ఎరుక. పో, గోనె సంచులు తే!"

నేనే నేర్పానని చెబితే వీపు పగిలేది. ఊరుకున్నాను.

సగమే ఆరిన కొమ్ములను కుప్ప చేసి సంచులు కప్పారు. తమ్ముడు రోజూ ఊదుతూనే ఉన్నాడు, బాపమ్మ విప్పనీయలేదు. నాలుగు రోజులు... చుక్క పడలేదు. ఐదో రోజు సంచులు తీస్తే వేడి ఆవిరి ముఖాన కొట్టింది. తెల్లటి బూజు... పట్టుకుంటే జిగట... ఆ కుళ్లు వాసనకు మా అమ్మ అక్కడే వాంతి చేసుకుంది. పద్దెనిమిది బస్తాల్లో పదకొండు పెంటకుప్పలో పోశాం. బాపు చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు. వారం తిరగకుండా కూలికి బొంబాయి వెళ్లాడు. తమ్ముడు తొలి అడుగులు వేసినప్పుడు ఆయన లేడు.

నింద తమ్ముడి మీదే నిలిచింది. వాడిప్పుడు కాగజ్‌నగర్‌లో ఉంటాడు, తాత కూడా అయ్యాడు. అయినా ఏ పెళ్లిలో కనిపించినా చుట్టాలు "ఏమయ్యా, వాననెప్పుడు పిలుస్తవ్?" అంటారు. వాడు నవ్వేస్తాడు. వాళ్లతో కలిసి నేనూ నవ్వాను... ఆ బూజు కన్నా, ఆ నవ్వు తలచుకుంటేనే నాకు ఎక్కువ అసహ్యం.

ఇప్పుడు మా ఇంట్లో ఏడు నెలల మనుమడు. కోడలు వాడి బొజ్జ మీద ఊదుతుంది, వాడు తిరిగి ఊదుతాడు. వీడియో కాల్‌లో దుబాయ్ నుంచి కోడలి అన్న "ఇంకొక్కసారి!" అంటాడు. ఫోను నిండా ఉమ్మి తుంపర్లు... అదే ఫోను చెవికి ఆనించుకుంటారు!

"గిదేం పాడు పని?" అన్నాను.

"ఇంగ్లీషుల దీన్ని రాస్ప్‌బెర్రీ అంటరు అత్తమ్మా" అంది కోడలు.

నిఘంటువు తీశాను. ఎర్రటి చిన్న పండట. ఎగతాళికి పెదవులతో చేసే మోతనూ అలాగే అంటారట. మొన్న బట్టల దుకాణంలో ఒక చీర రంగుకూ ఆ పేరే చెప్పారు. తినే పండు పేరు తెచ్చి ఉమ్మికి పెట్టిన వాళ్లను ఏమనాలి!

నిన్న అబ్బాయి కూడా అది చూశాడు. "ఎందుకైనా మంచిదమ్మా, రేపు కుప్ప చేద్దాం" అన్నాడు. వాడి ఫోనులో వారమంతా ఎండే చూపిస్తోంది. దాన్ని నమ్మడు, ఉమ్మిని నమ్ముతాడు.

అప్పుడు ఆ ఉమ్మి నా లంగా అంచుతో పోయింది... ఇప్పుడు దేశాలు దాటి పోతోంది. మారింది అదొక్కటే.

ఇక జరగాల్సినవి:

1. పసుపు కదపకూడదు. ఇంకా ఆరు రోజులు ఎండలోనే ఉండాలి.

2. పిల్లవాడి గడ్డం తుడవాలి. ఫోను కూడా.

3. ఇలాంటి నమ్మకంతో మీ ఇళ్లలో ఏం పోయిందో, ఎవరి మీద నింద పడిందో కింద కామెంట్లలో రాయండి. దాచకండి.

4. మీరిది చదివేలోగా నేను తమ్ముడికి ఫోన్ చేయాలి. నేర్పింది నేనని చెప్పాలి. బాపుకు చెప్పే వీలు ఇక లేదు.