చార్టు తిరగేసిన రోజు

మొన్న టి. నగర్‌లో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుడి కంట్లో శుక్లం తీసి వారమైంది. బాగుచేసిన కన్ను ఎలా పనిచేస్తోందో చూడాలని అక్కడి కుర్రాడు నన్ను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ కన్ను మూసి, ఎదురుగా వెలుగుతున్న అక్షరాలు చదవమన్నాడు. నేను నోరు తెరిచాను. తెరిస్తే "గా... ప నా... డ ర వా..." అంటూ ఎక్కాల రాగంలో ఏదో బయటికొచ్చింది. ఎదురుగా ఉన్నవేమో ఇంగ్లీషు అక్షరాలు. కుర్రాడు హడలిపోయి, కన్ను బాగుచేయబోతే ఇంకేదో కదిలిందనుకున్నాడు కాబోలు, డాక్టరును పిలవడానికి లేచాడు. నాకు తోడుగా వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్న మా అక్క మాత్రం పకపకా నవ్వి, "దానికేం కాలేదు నాయనా. అది ఇప్పుడు నాలుగో క్లాసులో ఉండాది" అని చెప్పింది.

నాలుగో క్లాసంటే యాభైల నడిమి సంగతి. అప్పుడు మేం వాషర్‌మెన్‌పేటలో, కాపురాలు చాలా, కుళాయి ఒక్కటే ఉన్న పొడుగాటి ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ కుళాయి దగ్గర జరిగిన యుద్ధాలు రాయబోతే ఒక పర్వం అవుతుంది కనుక వదిలేస్తున్నాను. నాయన జార్జి టౌన్‌లో ఎండుమిరపకాయల మండీలో గుమాస్తా. సాయంత్రం ముందు మాకు తుమ్ములొచ్చేవి, ఆ వెనక నాయన సైకిలు వచ్చేది. కూరలో కారం తగ్గితే నాయన చొక్కా ఒకసారి ముంచి తీస్తే సరిపోతుందని నేనంటే, అవ్వ "నీ నోటికి తాళమెయ్యా" అనేది. మా ఇంట్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా గట్టిగా ఏడవడం ఆచారం. ఏడుపు మంచి ఊపులో ఉండగా ఏదో ఒకటి అని దాన్ని చెడగొట్టడం నా పని. ఆ పనికి కూలి ఒక మొట్టికాయ.

అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. అయినా ఇద్దరిదీ ఒకే క్లాసు. నేనేమీ తెలివితో ఎగబాకలేదు, తనే తప్పుతూ నా కోసం ఆగింది. తనను తప్పిస్తున్నవి లెక్కలు. నోటితో అడిగితే టకటకా చెప్పేది. బోర్డు మీద లెక్క వేసి చెయ్యమంటే మాత్రం పలక మీద ఇంకేదో లెక్క చేసేది. ఆ లెక్కకు ఆ జవాబు సరిగ్గానే ఉండేది, కాకపోతే అయ్యవారు ఇచ్చిన లెక్క అది కాదు. మా బడిలో పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక కూర్చోవాలి. అక్క పొడుగు, కాబట్టి వెనక గోడ తనది. బోర్డు మసగ్గా ఉందని తను ఎన్నడూ అనలేదు. కళ్ళు తెరిచిన నాటినుంచీ లోకం మసగ్గానే ఉంటే, లోకమంటే అంతే కాబోలు అనుకుంటారు కదా. అయ్యవారు తనను మొద్దు అని తేల్చేశారు. నాయన కూడా ఒకరోజు కంచం ముందు తేల్చేశాడు. "ఈ తడవ తప్పితే బడి చాలు. మీ అత్త ఇంట్లో అప్పళాలు వత్తుకోనీ."

మా మేనత్త అప్పళాలు వత్తించి అంగళ్ళకు వేసేది. ఆ ఇంటికి వెళ్ళిన ఆడపిల్లలు చెక్క మీదినుంచి తల ఎత్తగా నేను చూడలేదు. అమ్మ ఏడుపు అందుకుంది, అవ్వ పై శ్రుతిలో కలిసింది. అక్క మాత్రం "తప్పను నాయనా" అని మజ్జిగ పోసుకుంది. మా వంశంలో ఏడవకుండా జవాబు చెప్పిన మొదటి మనిషి తనే.

ఆ ఏడే మా బడికి ఆరోగ్య పథకం వచ్చింది. ముందుగా పాలపొడి పీపాలు దిగాయి. పొద్దున్నే పెద్ద అండాలో కలిపి తలా ఒక గ్లాసు పోసేవారు. కాలిన గోనెసంచి వాసన, సున్నంనీళ్ళ రంగు. "ఏ ఆవో తెలీదు, ఏ గడ్డి మేసిందో తెలీదు, ఆ పాలెట్టా తాగుతారే?" అని అవ్వ రోజూ అడిగేది. ముక్కు మూసుకుని తాగేవాళ్ళం. తాగిన నెలకు బడిలో పది గంటలకల్లా కునికిపాట్లు పడేవాళ్ళు తగ్గారు. దాని తరువాత నర్సమ్మ వచ్చింది. గోళ్ళు కత్తిరించింది, గజ్జికి గంధకం లేపనం పూసింది, తలల్లో పేలు చూసింది. మా ఇంటి పిల్లల తలలో పరాయి మనిషి పేలు చూడటమేమిటని అవ్వ రెండు రోజులు అన్నం మానేసింది. రెండు రోజులూ దోసెలు తింది.

ఆఖరుకు, డాక్టరమ్మ వచ్చి అందరి కళ్ళూ చూస్తుందని కబురు వచ్చింది. అక్షరాల చార్టును వారం ముందే తెచ్చి పెద్దయ్యవారి గదిలో తగిలించారు. మా అయ్యవారు మంచి మనిషి, జ్వరమొచ్చినా బడి మానరు. కాకపోతే ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే, కంఠస్థం. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే అడగబోయే ప్రశ్నలకు జవాబులు ముందే మా చేత వల్లె వేయించడం ఆయన అలవాటు. ఎవరొచ్చి ఏది అడిగినా మా బడి తెల్లమొహం వేయకూడదు, గోడ అవతలి అరవ బడి ముందు అసలు వేయకూడదు. అంచేత చార్టు మీది అక్షరాలన్నీ పలకల మీద రాయించి, ఎక్కాల రాగం కట్టి, పొద్దునా సాయంత్రం పాడించారు. పై పెద్ద అక్షరం నుంచి అట్టడుగు చీమల బారు దాకా ఒక్కటీ వదల్లేదు. అందరికంటే గట్టిగా నేర్చుకున్నది అక్క. ఇంట్లో అంట్లు తోముతూ కూడా "గా... ప నా..." అంటూనే ఉండేది. ఈ ఏడు ఇంక దేంట్లోనూ తప్పకూడదని పంతం పట్టింది.

డాక్టరమ్మ నెల్లూరు వైపు మనిషి, కిరస్తానీ. తెల్ల చీర, తుడిచిన పలకలాంటి ఖాళీ నుదురు. వరండాలో చార్టు ఉన్న గోడ పక్కనే కుర్చీ వేసుకుంది. మేం ఈ కొసన సుద్దతో గీసిన గీత మీద ఒక్కొక్కరమే నిలబడి, ఒక కన్ను మూసుకుని పాడేశాం. అందరిదీ ఒకే రాగం, అందరం ఊపిరి తీసుకున్నదీ ఒకేచోట. అంత దూరంనుంచి గద్ద కూడా చదవలేని అడుగు వరసను ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్న ఒకటో క్లాసువాళ్ళు సైతం చదివి పారేశారు. అయ్యవారు కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నారు. డాక్టరమ్మ నర్సమ్మ వంక చూసి ఏదో సైగ చేసింది. అక్క గీత దగ్గరికి నడిచేలోగా నర్సమ్మ చార్టును తీసి, తిరగేసి, మళ్ళీ మేకుకు తగిలించింది. ఇప్పుడు గోడ మీద ఉన్నది ఉత్త బూడిదరంగు అట్ట.

అక్క గీత మీద కాళ్ళు జోడించి నిలబడింది. అరచేత్తో కన్ను మూసుకుంది. ఆ ఖాళీ అట్టకేసి సూటిగా చూస్తూ "గా..." అని మొదలుపెట్టి, ఒక్క అక్షరం జారకుండా అట్టడుగు దాకా అప్పజెప్పింది. వెనక ఎవడో కిసుక్కుమనబోయి మింగేశాడు. నాకు ఒక్క మాటా తోచలేదు. అలాంటి రోజొకటి వచ్చిందని చెప్తే అవ్వ చాలాకాలం నమ్మలేదు.

"శానా బాగా చెప్పినావు పాపా" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "ఆడే నిలబడి ఇట్టా చూడు. నా మొగాన బొట్టు ఉండాదా, లేదా?"

అక్క అటు కళ్ళు చికిలించింది. "ఉండాదమ్మా. ఎర్రగా, గుండ్రంగా."

అయ్యవారు కళ్ళు తెరిచి, గోడ చూసి, తల పట్టుకున్నారు. "అమ్మా, ఇది మొద్దమ్మా! ఇదొక్కటే ఇట్టా! బడి పరువు గంగలో కలిపేసింది!"

"మొద్దు కాదు అయ్యవారూ. కానరాని చార్టంతా నేర్చుకొనొచ్చింది. బోర్డు కానొస్తే ఏం చేస్తాదో ఒకసారి చూడండి. ఈడ తప్పు చెప్పినోళ్ళకే కదా లాభం. మీరు అందరినీ గట్టెక్కించేస్తే నేనెవరికి వైద్యం చేసేది?"

అప్పటికి నా నోరు నాకు తిరిగి దొరికింది. "అయితే అయ్యవారూ, రేపట్నుంచి తప్పులు వల్లె వేయాలా?" అన్నాను. మొట్టికాయ పడింది. డాక్టరమ్మ మాత్రం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే అక్షరాలు లేని ఇంకో చార్టు పెట్టి, గుర్తు ఏ వైపు తిరిగి ఉందో వేలితో చూపమంటూ బడినంతా మళ్ళీ చూశారు. ఎవరికి చూపు ఆనడం లేదో అప్పుడు బయటపడింది. కళ్ళతో ఆగలేదు. పిలిస్తే పలకని చెవిటి వెధవ అనిపించుకున్నవాడి చెవిలో చీము దొరికింది. నిద్రమొహంది అనిపించుకున్నదాని కడుపులో పురుగులు దొరికాయి. అయ్యవారు వాడే తిట్లకు ఒక్కొక్కదానికీ మందు బయటపడుతూ వచ్చింది. పాపం ఆయన మరుసటి వారం తిట్టడానికి మాటలు వెతుక్కున్నారు.

ఇంట్లో మాత్రం పెద్ద ఏడుపే లేచింది. "ఇంత పిల్లకు కళ్ళద్దాలా? నాకే లేవు గదరా!" అని అవ్వ. కంటి ఆసుపత్రికి తీసుకుపోవాలంటే మండీకి ఒకపూట ఎగనామం పెట్టాలి, కొత్త సరుకు దిగే కాలం. "రేపు చూద్దాంలే" అన్నాడు నాయన. మర్నాడు పొద్దున ఆయన బయటికొచ్చేసరికి అక్క రెండు జడలు వేసుకుని, సైకిలు క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది. "పోదామా నాయనా?" "ఈ దినం కాదమ్మా, రేపు." "సరి నాయనా." మర్నాడు అక్కడే నిలబడింది. ఆ మర్నాడూ అంతే. అలగలేదు, అడుక్కోలేదు, అన్నం మానలేదు. వాన పడితే గొడుగు వేసుకుని నిలబడింది. ఊరికే నిలబడటమెందుకని గుడ్డ తెచ్చి సైకిలు తుడవసాగింది. "ఇంకో నెల ఓపిక పట్టు నాయనా, కొత్త సైకిలు కొన్నట్టే అవుతాది" అన్నాను నేను. నాయన నన్ను చూశాడు, మెరుస్తున్న చువ్వలను చూశాడు, ఆ వెనక అక్కను చాలాసేపు చూశాడు. "ఎక్కు" అన్నాడు.

కళ్ళద్దాలు తెచ్చిన రోజు నాయన మళ్ళీ మండీ మానేశాడు. గుండ్రటి ఇనుప చట్రం, జారకుండా వెనక నాడా. "గుడ్లగూబమ్మ వచ్చిందే" అని అవ్వ మెటికలు విరిచింది. దారి పొడుగునా అక్క అంగళ్ళ బోర్డులు పైకి చదువుతూ వచ్చిందట. తెలుగువీ, అరవంవీ, రానివైతే అంకెలైనా. ఒకచోట సైకిలు ఆపమని, వేపచెట్టుకు అన్ని ఆకులూ విడివిడిగా ఉంటాయా అని అడిగిందట. ఇది చెప్తూ నాయన కళ్ళు తుడుచుకుని, "మిరపకాయల ఘాటు" అన్నాడు. ఆ రోజు ఆయన మండీ గడప తొక్కనేలేదని గుర్తుచేయబోయి, నేనే ఊరుకున్నాను.

డాక్టరమ్మ మాట మీద అక్కను ముందు వరసలోకి మార్చారు. తన వెనక కూర్చున్న పొట్టివాళ్ళు బోర్డు కానరావడం లేదని గోల పెడితే గోడ వారగా జరిగి కూర్చుంది. ఆ ఏడు ఫస్టు వచ్చిందని రాస్తే కథ రక్తి కడుతుంది గాని, రాలేదు. లెక్కల్లో గట్టెక్కింది. మేనత్త అప్పళాల చెక్క వేరెవరికో పోయింది. అక్క తరువాత చాలా ఏళ్ళు ఒక బడిలో లెక్కలు చెప్పింది. క్లాసులో అడుగుపెట్టగానే, వెనక వరసవాళ్ళ చేత బోర్డు మీది తేదీ చదివించేదట. తప్పు చదివినవాళ్ళను తిట్టేది కాదు, ముందుకు పిలిచేది.

మొన్న ఆ ఎత్తు కుర్చీలో నేను పాట ఆపేశాక, అక్క వెనకనుంచి "ఏమే, అప్పజెప్పింది చాలు, ఇంక చూసి చదువు" అంది. చూసి చదివాను. అడుగు వరస దగ్గర ఆగిపోయి, కానరావడం లేదని ఒప్పుకున్నాను. చార్టు అడుగు వరస చదవాలంటే దగ్గరికి జరగాలి. ఆ ఖాళీ అట్ట ముందు అక్క ఎందుకంత పట్టుగా నిలబడిందో మాత్రం, ఇంత దూరం జరిగాక గాని నాకు ఆనలేదు.