తేబెక్ బొగ్గు గని ముందు సైరన్ మోగిన రోజు

కొరియా వెళ్ళే తెలుగువాళ్ళు సాధారణంగా ఆ దేశం చూడటానికి వెళ్తారు. నేను మా మనవరాలిని తీసుకురావడానికి వెళ్ళాను. స్రవంతి, దాని మొగుడు నవీన్ రెండేళ్ళుగా సియోల్ నగరానికి దక్షిణాన ఉన్న సువన్‌లో కాపురం ఉంటున్నారు. స్రవంతికి ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని మా గోదావరిఖనిలో ఎవరూ రాసిపెట్టలేదు కానీ, రాసిపెట్టిన చట్టాలకన్నా దాన్నే గట్టిగా పాటిస్తాం. స్రవంతి మాత్రం ఫోన్లో అడిగినప్పుడల్లా "చూద్దాం" అంటోంది. మా ఇంట్లో "చూద్దాం" అంటే "కాదు" అని మర్యాదగా చెప్పడం. దాని తల్లి, మా అమ్మాయి విజయకు ఉద్యోగంలో సెలవు దొరకలేదు. "నీ మాటైతే ఇంటది, ఎంటబెట్టుకొనే రా అమ్మా" అని నన్ను పంపింది. బళ్ళో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని కాబట్టి పిల్లలు నా మాట వింటారని దాని నమ్మకం. నా మాట విన్న పిల్లలెవరో నాకైతే గుర్తులేదు.

హైదరాబాదు నుంచి నేరుగా విమానం లేదు, దారిలో ఒకచోట మారాలి. నా చేతిసంచిలో తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు, ఒకటి నాది, ఒకటి దానిది. ఎనిమిదో నెల ముదిరాక గర్భిణిని విమానం ఎక్కించుకోరు. ఆ గడువు దాటేలోగా దాన్ని ఒప్పించాలి. దిగిన రోజు నుంచీ ఆ టికెట్లు సంచిలో నిప్పు పెట్టుకున్నట్టే ఉన్నాయి.

పిల్లల కాపురం ముచ్చటగానే ఉంది, అబద్ధమెందుకు. గదిన్నర ఇల్లు. అన్నం ఉడికితే కుక్కర్ మనిషిలా మాట్లాడి చెబుతుంది. ఇంట్లో అంత మర్యాదగా మాట్లాడేది అదొక్కటే. ఫ్రిజ్‌లో మా మామిడికాయ తొక్కు, కొరియావాళ్ళ క్యాబేజీ పచ్చడి కిమ్చి పక్కపక్కనే ఉంటాయి, మూత తీస్తే దేని వాసనదే గెలుపు. చెత్త వేయడం ఒక పరీక్ష. ప్లాస్టిక్కు, కాగితం, తిండి మిగులు అన్నీ వేరు వేరు. నవీన్ ఒక సీసా చేతిలో పట్టుకుని ఏ డబ్బాలో వేయాలో తెలియక నిలబడితే, స్రవంతి కిటికీలోంచి అరుస్తుంది. సాయంత్రాలు ఇద్దరూ పాత కోటగోడ వెంట నడుస్తారు. తిరిగొచ్చేటప్పుడు వీధి చివరి చిన్న దుకాణంలో కప్పు నూడుల్స్ కొని, బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని తింటారు. ఆ కుర్చీల్లో వాళ్ళిద్దరూ రాజుగారూ రాణిగారూ.

కానీ నవీన్‌ది షిఫ్టుల ఫ్యాక్టరీ. సెకండు షిఫ్టు వారం వస్తే పిల్ల ఒంటరి. స్రవంతి హైదరాబాదు కంపెనీ పని ఇంటి నుంచే చేస్తుంది, పని అయ్యాక ఫోను పక్కన పెట్టుకుని తలుపు వైపు చూస్తూ కూర్చుంటుంది. ఆ చూపు నాకు తెలుసు. ఒకరోజు అడిగేశాను.

"నొప్పులు మొదలైతే ఏం జేస్తవే?"

"నంబర్ కొడితే అంబులెన్సు వస్తది అమ్మమ్మా. ఇక్కడ అంతా జల్దీ."

"అంబులెన్సు వస్తది సరే. అండ్ల నీ చెయ్యి ఎవరు పట్టుకుంటరు?"

జవాబుగా ఒక పీచ్ పండు కోసి నా ముందు పెట్టింది.

తేబెక్ వెళ్దామన్నది నవీన్. వాడిది మందమర్రి, మా ఊరిలాగే బొగ్గు ఊరు, వాళ్ళ నాన్నదీ గని ఉద్యోగమే. తేబెక్ కొండల్లో ఉన్న పాత బొగ్గు ఊరు, అక్కడ గనిలోపల ఎలా ఉంటుందో చూపించే మ్యూజియం ఉందట. మా దగ్గర గనిని బాయి అంటాం.

"అమ్మమ్మా, తాత అన్నేండ్లు బాయి దిగిండు. నువ్వెప్పుడన్న లోపలికి పోయినవా?"

"ఆడోళ్ళను పోనిస్తుండెనా బిడ్డా? గేటు కాడికే మా హద్దు."

"గట్లయితే నేను చూపిస్త. గురువారం నాకు ఆఫ్."

నా లెక్క వేరు. పోను, రాను రైల్లో గంటలకు గంటలు కదలకుండా కూర్చోవాలి. టికెట్ల సంగతి తేల్చడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు దారి చెబుతాను. సువన్ నుంచి మెట్రోలో చాంగ్న్యాంగ్ని స్టేషన్‌కు గంటన్నర పడుతుంది. అక్కడి నుంచి తేబెక్‌కు నాలుగు గంటలలోపు రైలు, మనిషికి పదిహేను వేల వాన్లు పైన, మన డబ్బుల్లో వెయ్యి రూపాయల దాకా. మేము తెల్లవారుతూనే బయలుదేరి పదకొండున్నరకు దిగాం. దారంతా కొండలు, సొరంగాలు. ఆగస్టు ఎండలో సువన్ ఉడుకుతుంటే అక్కడ చీర కొంగు కప్పుకోవాల్సి వచ్చింది. రైల్లో ఉడికించిన గుడ్లు తినడం వాళ్ళకొక ఆచారమట. నేను "స్రవంతీ, ఆ టికెట్..." అన్నప్పుడల్లా నా చేతిలో ఒక గుడ్డు పెట్టింది. తేబెక్ చేరేసరికి విషయం తేలలేదు, నా కడుపు మాత్రం నిండింది.

స్టేషన్ నుంచి మ్యూజియానికి బస్సుంది, ఇరవై నిమిషాలు. స్రవంతిని చూసి మేము ట్యాక్సీ తీసుకున్నాం. డ్రైవరు అద్దంలోంచి నా బొట్టు చూసి ఏదో అడిగాడు. నవీన్ తనకొచ్చిన కొరియా భాషలో మా ఊరు కూడా బొగ్గు ఊరేనన్నాడు. ఆయన నవ్వి చెప్పినదాన్ని నవీన్ మాకు తెలుగు చేశాడు. "మా నాయన గూడ బాయిలనే చేసిండు. ఇప్పుడీడ బొగ్గు లేదు, బొగ్గు బొమ్మలున్నయ్ అంటున్నడు."

మ్యూజియం గేటుకు ఎదురుగా రోడ్డవతల ఒక చిన్న హోటలుంది. నా ఈడు మనిషే నడుపుతోంది. భోజనం మనిషికి తొమ్మిది వేల వాన్లు, అన్నం, చారు, బల్లనిండా చిన్న గిన్నెల్లో కూరలు. ఆమె స్రవంతి కడుపు చూసి, అడగకుండానే ఒక గిన్నెలో ఆకుపచ్చటి చారు తెచ్చింది. అది సముద్రపు నాచు చారట, బాలింతలకు పెడతారట. రుచి చూశాను. చెరువు నీళ్ళలో ఉప్పేసినట్టుంది. ఆమె ఇంకేదో అడిగింది. స్రవంతి తలొంచుకుంది.

"ఏమన్నదే?"

"ఏం లేదమ్మమ్మా."

నవీన్ నోరు ఆగదు. "డెలివరీ అయినంక పిల్లకు ఎవరు వండిపెడతరని అడుగుతున్నది."

"నేనొచ్చిన కాడి నుంచి అదే అడుగుతున్న. నాకు పండు కోసిచ్చింది. ఈమెకు ఏం కోసిస్తదో చూద్దాం."

వంటగది పక్క గడప దగ్గర మగవాళ్ళ చెప్పుల జత ఒకటి, వేళ్ళ వైపు ఇంట్లోకి ఉండేలా పెట్టి ఉంది. నేను అటే చూస్తుంటే ఆమె నవీన్ చేత చెప్పించింది. ఆమె భర్త గని మనిషి. ఊపిరితిత్తుల వైద్యానికి పొద్దున దవాఖానకు వెళ్ళాడు. మొగుడు షిఫ్టుకు వెళ్తే ఇంట్లో చెప్పులు లోపలికి తిప్పి పెట్టాలి, అప్పుడు మనిషి లోపలికి నడిచొస్తాడని ఇక్కడి ఆడవాళ్ళ నమ్మకం. గని మూతపడినా ఆమె ఆ అలవాటు మానలేదు. "గట్లనా" అని ఊరుకున్నాను. మా కాలనీలో డ్యూటీకి వెళ్ళే మనిషిని వెనక నుంచి పిలవం, వెళ్ళేవాడు "పోతున్న" అనడు, "వస్త" అంటాడు. ఇంకొకరి మూఢనమ్మకానికి నవ్వే అర్హత నాకు లేదు.

మ్యూజియం టికెట్ హోటల్లో చాయ్ కన్నా చవక. లోపల లిఫ్టు కుదుపుతుందని, గర్భిణులు వద్దని బోర్డుంది. స్రవంతితో నేను బయట బల్ల మీద ఉండిపోయాను. నవీన్ ముందు తను చూసొచ్చి తర్వాత నన్ను తీసుకెళ్తానన్నాడు.

"అమ్మమ్మా, బాయిలకు పోతున్న!" అని తలుపు దగ్గర చెయ్యి ఊపాడు.

"పోతున్న అనకురా! వస్త అను!" నేను అరిచేలోపు లోపలికెళ్ళిపోయాడు.

పిల్ల ఒంటరిగా దొరికింది. సంచిలోంచి టికెట్లు తీసి దాని ఒళ్ళో పెట్టాను. "వచ్చే ఆదివారం. ఇంక చూద్దాం లేదు, గుడ్డు లేదు. చెప్పు." అది టికెట్ మీద తన పేరు చదువుకుంటోంది.

అప్పుడు సైరన్ మోగింది.

మా ఊళ్ళో షిఫ్టు సైరన్ అయితే గడియారం. వేళ కాని వేళ మోగిందంటే బాయిలో ఏదో జరిగిందని అర్థం. అప్పుడు ఎవరూ ఎవరినీ పిలవరు. పొయ్యి ఆర్పి, తలుపు దగ్గరగా వేసి, ఆడవాళ్ళందరం గేటుకు పరుగు. అది కొరియా అనీ, లోపల ఉన్నది మ్యూజియమనీ నాకు తెలుసు. కానీ తెలిసింది తలకు. కాళ్ళకెవరూ చెప్పలేదు. నేను లేచేసరికి స్రవంతి నా ముందుంది. ఒక చెయ్యి కడుపు కింద పెట్టుకుని, గంగిరెద్దులా ఊగుతూ పరుగెత్తుతోంది. టికెట్లు నేలమీద.

"ఉరకకే! ఓ పిల్లా, ఉరకకే!" అంటూ నేనూ పరుగే.

తలుపు దగ్గరి ఉద్యోగిని చేతులు అడ్డం పెట్టి ఒకే మాట పదేపదే చెప్పింది. తర్వాత నవీన్ చెబితే తెలిసింది, అది యుద్ధం వస్తే ఏం చేయాలో దేశమంతటా చేయించే డ్రిల్లట, అయ్యేదాకా ఎవరూ కదలకూడదట. రోడ్డు మీద కార్లు ఆగిపోయాయి. స్రవంతి కటకటాలు పట్టుకుని తలుపులోకే చూస్తోంది. నేను దాని వీపు మీద చెయ్యి వేశాను. పక్కన ఎవరో నిలబడ్డట్టయి చూస్తే, హోటలామె. ఏప్రాన్‌తో చేతులు తుడుచుకుంటూ, రోడ్డు దాటి వచ్చి మాతోపాటు తలుపు వైపు చూస్తోంది. ఆ డ్రిల్లు ఆమె ఎన్నిసార్లు విని ఉంటుందో. ఆమె కాళ్ళకూ ఎవరూ చెప్పలేదన్నమాట.

సైరన్ ఆగిన కాసేపటికి నవీన్ నవ్వుకుంటూ వచ్చాడు. "లోపల మస్తుంది అమ్మమ్మా, లిఫ్టు..." మా ముగ్గురి మొహాలు చూసి ఆగిపోయాడు. స్రవంతి వాడి భుజం మీద రెండు చేతులతో కొట్టింది.

"యాడున్నవ్? ఫోన్ ఎందుకెత్తవ్?"

"లోపల సిగ్నల్ లేదే. అయినా పొద్దున మెసేజ్ వచ్చింది గదా, డ్రిల్లని నువ్వే చదివినవ్..."

"తెలుసు! తెలిస్తే ఏంది?"

అంటూనే కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. పొట్ట రాయిలా బిగిసింది. హోటలామె పరుగున బార్లీ నీళ్ళు తెచ్చింది, ఎడమ పక్కకు ఒరిగించి నడుము నిమిరింది. ఆ చేతులకు పని తెలుసు. మెల్లగా పొట్ట మెత్తబడింది, బిడ్డ తన్నింది.

"అమ్మమ్మా, నేను రాను" అంది స్రవంతి కళ్ళు మూసుకునే. "ఈడ సైరన్ మోగితే నేను గేటు కాడికి ఉరుకుత. గోదావరిఖనిల కూసుంటే ఏ గేటు కాడికి ఉరకాలె, చెప్పు."

జవాబు లేనప్పుడు టీచర్లు చేసే పనే చేశాను, క్లాసులోంచి బయటికి నడిచాను. "నేను లోపల చూసొస్త. నువ్వు లేవకు" అని, హోటలామెను దాని పక్కన కూర్చోబెట్టి నవీన్‌ను తీసుకుని వెళ్ళాను.

లిఫ్టు గడగడలాడింది, గోడ మీద అంకెలు వందల మీటర్లు దిగుతున్నట్టు పరుగెత్తాయి. దిగింది ఒక్క అంతస్తే. చీకటి, వంగిన కొయ్య స్తంభాలు, మట్టి పూసుకుని అన్నం తింటున్న బొమ్మ మనుషులు. అన్నీ ఉన్నాయి, వాసన లేదు. మా ఆయన ఇంటికి మోసుకొచ్చే బొగ్గు, చెమట, తడి మట్టి కలిసిన వాసన. అది కడిగేసిన బాయి. ముప్పై ఏళ్ళ పైన అసలైన దానిలో దిగి గీత పడకుండా వచ్చిన మనిషి, రిటైరయ్యాక స్నానాల గదిలో జారిపడి పోయాడు. ఒక బొమ్మ మొహంలోకి అవసరమైనదానికన్నా ఎక్కువసేపు చూశాను. నవీన్ నాలుగడుగులు ముందుకెళ్ళి నా కోసం ఆగాడు. వాడికి మంచిబుద్ధి అప్పుడప్పుడూ ఉంటుంది.

బయటి తలుపు తెరుచుకోగానే వెలుతురు కళ్ళలో పొడిచింది. ఎదురుగా కటకటాల దగ్గర స్రవంతి. లేవొద్దన్నా లేచింది. మునివేళ్ళ మీద నిలబడి, వస్తున్నవాళ్ళలో మా ఇద్దరినీ వెతుకుతోంది. మేము కనబడగానే ఆ మొహం విప్పుకున్న తీరు చెప్పడం నా వల్ల కాదు. ఇన్నేళ్ళూ నేను గేటుకు ఇవతలి మనిషినే. అవతలి నుంచి వచ్చేవాడికి ఏం కనబడుతుందో ఆ రోజే చూశాను. అది చూశాక ఆ పిల్లను ఆ గేటు దగ్గర నుంచి ఊడబెరికి తేవడానికి నాకు చేతులు రాలేదు.

తిరుగు రైల్లో విజయకు ఫోన్ చేశాను.

"టికెట్ తారీకు పొడిగిస్తున్న."

"దానిదా అమ్మా?"

"నాది. దానిది వాపసు."

"తీసుకొస్తవని పంపితే నువ్వే ఆడ కూసున్నవా?"

"సెలవు దొరికినప్పుడు నువ్వే రా. వచ్చేటప్పుడు ఎల్లిపాయ కారం తే. ఈడ బాలింతకు చెరువు నీళ్ళు పోస్తరట."

నిశ్చింతగా ఉన్నానని చెప్పను. ఇది రాస్తున్నప్పుడు నవీన్ సెకండు షిఫ్టులో ఉన్నాడు, స్రవంతికి కాళ్ళవాపు, నా వీసా గడువు, దాని నెలలు ఒకదానితో ఒకటి పందెం వేసుకుంటున్నాయి. రోజూ నాచు చారు కాయడం నేర్చుకుంటున్నాను, ఇంకా ఉప్పు కుదరలేదు. పుట్టిల్లంటే ఊరనుకుని బయలుదేరాను. ఆపదలో చెయ్యి పట్టుకునేవాళ్ళు ఉన్నచోటనుకుంటే, దాన్ని కొంచెం ఇటు జరపవచ్చు. సరిగ్గా జరిపానా లేదా అన్నది బిడ్డ ఏడుపు వినేదాకా నాకు తెలియదు. వాడు షిఫ్టుకు వెళ్ళాక చూస్తే, గడప దగ్గర నవీన్ ఇంటి చెప్పులు వేళ్ళ వైపు లోపలికి తిప్పి ఉన్నాయి. నేను తిప్పలేదు. స్రవంతిని అడగలేదు.

ఒక్క సలహా. ఆగస్టులో కొరియా వెళ్ళేవాళ్ళు సైరన్ డ్రిల్లు ఏ రోజో ముందే కనుక్కోండి. బొగ్గు ఊళ్ళవాళ్ళయితే కనుక్కున్నా లాభం లేదు, పరుగెత్తడానికి వీలైన చెప్పులు వేసుకోండి.